తలుపు రంగు తీస్తూ...

ఊళ్లో ఇంటి తలుపులకు 2019లో వేయించిన రంగు పెచ్చులు లేస్తుంటే, ఈసారి హీట్ గన్‌తో పూర్తిగా తీసేస్తున్నాం. వేడిగాలి తగలగానే రంగు బుడగలు కట్టి మెత్తబడుతుంది. పుట్టీ బ్లేడు ఆనిస్తే చాలు, సాగుతూ ఊడొస్తుంది. కింద టేకు చార బయటపడితే ప్రాణం లేచొచ్చినట్టుంది!

అయితే దీన్ని హెయిర్ డ్రయ్యర్‌లా చూసేవాళ్లంటే నాకు భయం. మూతి దగ్గర గాలి 500, 600 డిగ్రీల దాకా వెళ్తుంది. మంట కనబడదు కానీ రంపపు పొట్టు రాజుకోవడానికి అది చాలు. అందుకే ఒకేచోట ఆపకుండా కదుపుతూనే ఉంటాం, పక్కన బకెట్టు నీళ్లు. తలుపు సందుల్లో నుసి లోలోపల రగిలి ఎప్పుడో పొగ రావచ్చు, కాబట్టి పని అయ్యాక కూడా చాలాసేపు అక్కడే కూర్చుంటాను. అద్దాల దగ్గరికైతే గన్ పోనివ్వను, పగులుతాయి.

"మామయ్యా, కింద పెట్టేయనా?" అన్నాడు మేనల్లుడు.

"ఉండరా, ముందు చల్లగాలి మీద తిప్పి మూతి చల్లారనివ్వు."

తాతయ్య కాలం నాటి కిటికీలకు మాత్రం గన్ పెట్టనివ్వలేదు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరులోనే. అంతకుముందు రంగుల్లో సీసం ఉండొచ్చు, ఎక్కువ వేడికి అది పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గుడ్డ మాస్కు దాన్ని ఆపదు. ఇంట్లో చంటిపిల్ల ఉంది. ఆ కిటికీలు తడిపి, నెమ్మదిగా చేత్తోనే గీకుతున్నాం.