సగంలో ఆగిన డెబియన్ అప్‌గ్రేడ్

గత ఆదివారం నా పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను 12వ వెర్షన్ నుంచి 13కు మారుస్తుండగా పని సగంలో ఆగిపోయింది. తెర మీదికి వచ్చిన ఎర్రర్‌ను పూర్తిగా చదవకుండానే రీస్టార్ట్ చేశాను. అలా చేసి ఉండకూడదు. మళ్లీ ఆన్ చేసేసరికి నల్లని తెర మీద కెర్నల్ పానిక్ (సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ ముందుకు సాగలేక ఆగిపోవడం) అన్న మాట, సిస్టమ్ ఫైళ్లు ఉండే రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కావడం, అంటే తెరుచుకోవడం, లేదన్న వాక్యం కనిపించాయి. మా నాన్నగారి డైరీలను, ముఖ్యంగా 1986 గోదావరి వరదల నాటి పుటలను, రెండేళ్లుగా రాత్రిళ్లు కూర్చుని టైపు చేసిన ఫైళ్లు ఆ డిస్కులోనే ఉన్నాయి. చివరిసారి బ్యాకప్ తీసి నాలుగు నెలలైంది. కాసేపు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఇలాంటప్పుడు ఫార్మాట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోమని చాలామంది చెబుతారు. నేను దాన్ని ఒప్పుకోను. సిస్టమ్ లేవకపోవడం వేరు, ఫైళ్లు పోవడం వేరు. ఫార్మాట్ చేస్తే మొదటిది కాస్తా రెండోదిగా మారుతుంది.

ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిస్తే కొత్త 6.12 కెర్నల్ కింద పాత 6.1 ఇంకా ఉంది. దాన్ని ఎంచుకోగానే డెస్క్‌టాప్ రాలేదు గానీ అక్షరాలతో లాగిన్ అడిగే తెర వచ్చింది. మరమ్మతు జోలికి పోకుండా, ముందుగా బయటి హార్డ్ డిస్కును మౌంట్ చేసి హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని ఆర్‌సింక్ అనే కాపీ సాధనంతో కాపీ చేశాను. దానికి గంటన్నర పట్టింది. వరదల ఫైలును ఆ డిస్కులోంచే తెరిచి, ఆగస్టు నెల పుటలు అక్షరం చెదరకుండా ఉన్నాయని చూసుకున్న తరువాతే తక్కిన పనికి కూర్చున్నాను.

కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఏళ్ల క్రితం ఇన్‌స్టాల్ చేసినప్పుడు డిస్కులో కెర్నళ్ల కోసం విడిగా ఉంచిన భాగానికి, అంటే బూట్ పార్టిషన్‌కు, సుమారు 250 ఎంబీ మాత్రమే కేటాయించారు. పాత కెర్నళ్లు పేరుకుపోయి అది నూటికి నూరు శాతం నిండింది. కెర్నల్ లేచేటప్పుడు అసలు డిస్కును గుర్తించడానికి కావలసిన డ్రైవర్లు ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న ఫైలులో ఉంటాయి. కొత్త కెర్నల్ వచ్చి కూర్చుంది గానీ, దాని ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ రాయడానికి చోటు మిగలలేదు. అందుకే కెర్నల్ లేచినా రూట్ పార్టిషన్ దానికి దొరకలేదు.

బూట్ పార్టిషన్‌లోని ఫైళ్లను చేత్తో తుడిచేస్తే, ఏ ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) ఉన్నాయని సిస్టమ్ రాసుకున్న లెక్క తప్పుతుంది. అందువల్ల, ప్రస్తుతం నడుస్తున్న కెర్నల్ ఏదో యూనేమ్ ఆదేశంతో చూసుకుని, దాన్ని వదిలి అంతకన్నా పాతవి రెండింటిని ప్యాకేజీలను పెట్టి, తీసే డీపీకేజీ ద్వారానే తొలగించాను. సామాన్లు ఇంట్లోకి చేరినా సర్దకుండా వదిలేసినట్టు, అన్‌ప్యాక్ అయి కాన్ఫిగర్ కాని ప్యాకేజీలు వందల్లో ఉన్నాయి; వాటన్నిటినీ కాన్ఫిగర్ చేయమని డీపీకేజీకే చెప్పాను. అది రెండుచోట్ల డిపెండెన్సీల (ఒక ప్యాకేజీకి కావలసిన ఇతర ప్యాకేజీల) దగ్గర ఆగితే, డీపీకేజీకి పైన పనిచేసే ఆప్ట్‌లోని ఫిక్స్ బ్రోకెన్‌తో సరిచేసి, ఫుల్ అప్‌గ్రేడ్‌ను మళ్లీ నడిపించాను. ఈసారి ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్ తయారవుతున్న వరుసను తెర మీద కళ్లారా చూశాను. చివరగా గ్రబ్‌ను అప్‌డేట్ చేశాను.

రాత్రి పదకొండు దాటాక రీస్టార్ట్ చేస్తే 6.12తో డెస్క్‌టాప్ వచ్చింది. బూట్ పార్టిషన్‌లో ఇప్పుడు మూడో వంతు ఖాళీగా ఉంది. బయటి డిస్కును మాత్రం ఇంకా తుడవలేదు. డైరీల రెండో ప్రతి అందులోనే ఉంటుంది.