పాత ల్యాప్‌టాప్‌ను బాగు చేయించాలా, వదిలేయాలా?

మా ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌లో ర్యామ్ (తాత్కాలిక మెమరీ) పలకలు గుచ్చే మెమరీ స్లాట్లు రెండూ మొరాయిస్తుండటంతో, దానిని బాగు చేయించడమా, కొత్తది కొనడమా అన్న ప్రశ్న ఎదురైంది. ఇలాంటప్పుడు అనుమానం ముందుగా ర్యామ్ మీదకే పోతుంది. అయితే అదే ర్యామ్‌ను వేరే యంత్రంలో పెట్టి మెమ్‌టెస్ట్ అనే మెమరీ పరీక్ష ప్రోగ్రామ్ నడిపితే ఒక్క తప్పూ రాలేదు.

విజయవాడ గవర్నర్‌పేటలోని ఒక మరమ్మతు దుకాణంలో అడుగు మూత విప్పి, స్లాట్లను భూతద్దం కింద చూపించారు. డీడీఆర్3 అనే పాత తరం ర్యామ్ స్లాట్‌లో ఉండే 204 సన్నని పిన్నులలో కొన్నింటికి పచ్చని చిలుము పట్టింది. మన ఊరి ఉక్కపోతకు దుమ్ము తోడైతే అంతే మరి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బ్రష్‌తో తుడిచాక మొదటి స్లాట్ నిలకడగా పనిచేసింది కానీ రెండవది మారలేదు. దానిని మార్చాలంటే వేడిగాలితో పాతది ఊడదీసి కొత్తది అతికించాలి. ఆ వేడికి మదర్‌బోర్డు దెబ్బతినవచ్చు. పైగా ఈ తరం యంత్రాలలో ర్యామ్‌ను నడిపించే మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది కాబట్టి, లోపం అక్కడుంటే స్లాట్ మార్చినా ఫలితం ఉండదు. ఈ మాట మరమ్మతు చేసే ఆయనే దాచకుండా చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

అందుకే రెండవ స్లాట్ జోలికి పోకుండా, మొదటి దానిలో 8 జీబీ ర్యామ్ ఒక్కటే వేయిస్తున్నాను. మా యంత్రానికి తక్కువ వోల్టేజీతో, అంటే 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్ రకమే సరిపోతుందని ముందే చెప్పి ఉంచాను. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టిస్తాను. అమ్మాయి పాఠాలకూ, నా తెలుగు టైపింగ్‌కూ అది చాలు.