మెరుగు పెట్టిస్తే తగ్గే విలువ

"నువ్వు ఆవిడ మొహం చూస్తున్నావు, గడియారం చూడట్లేదు." పదిమంది ముందు మా ఓనర్ నన్నన్న మాట ఇది. జెనీవాలో పాత లేడీస్ వాచీలు కొనే షాపులో అసలేదో నకిలీ ఏదో తేల్చడం నా పని. వాచీ తెచ్చిన పెద్దావిడను "ఎవరిదండీ, ఎప్పటిది?" అని అడిగాను, అంతే. పలకరించకుండా పెద్దవాళ్ళ చేతిలో వస్తువు లాక్కుంటామా?

1955లో వాళ్ళమ్మకు పెళ్ళికానుకగా వచ్చిందట. ఓనర్ భూతద్దం పెట్టి డయల్ అడుగున 'టి స్విస్ టి' అన్న సన్నటి అక్షరాలు చూపించాడు. టి అంటే ట్రిటియం. చీకట్లో వెలగడానికి అంతకుముందు రేడియం పూసేవారు, ట్రిటియం వాడకం అరవైల్లో మొదలైంది. కాబట్టి ఈ డయల్ వాచీతో పుట్టింది కాదు. అంతవరకు ఆయన మాట నిజమే. కానీ ఆవిడేదో దొంగసొత్తు తెచ్చినట్టు ఆ చిరాకెందుకు?

నేను మళ్ళీ అడిగాను. రేడియం మంచిది కాదని 1972లో సర్వీసుకిచ్చి డయల్, ముళ్ళు మార్పించారట. వెనక మూత తీస్తే, రిపేరు చేసినవాళ్ళు లోపల సూదిమొనతో గీసుకునే గుర్తుల్లో 72 కనిపించింది. డయల్ కంపెనీదే, కాకపోతే తర్వాతది. అడక్కపోతే ఈ ముక్క తెలిసేదా?

నాకు మింగుడుపడనిది ఇంకోటుంది. ఇక్కడి లెక్కలో మరకలు పడ్డ పాత డయల్‌కే విలువ, తళతళలాడే కొత్తదానికి తక్కువ. వాచీ కేసుకు, అంటే బయటి డొప్పకు, మెరుగు పెట్టిస్తే అంచులు గుండ్రబడి, బంగారం ముద్ర అరిగి, ధర ఇంకా పడిపోతుంది. ముద్ర పోతే మాకు ఇబ్బందే, ఒప్పుకుంటాను. 18 క్యారెట్ల బంగారానికి స్విస్ వాళ్ళు 1995 దాకా తమ దేశానికి ప్రతీకైన హెల్వీషియా అనే స్త్రీమూర్తి తల బొమ్మను ముద్రగా కొట్టేవారు, ఆ తర్వాత సెయింట్ బెర్నార్డ్ కుక్క తల. కాలం పట్టుకోవడానికి అదొక ఆధారం. అయినా అమ్మ వస్తువును బాగుచేయించి పెట్టుకున్న మనిషికి ధర కోయడమేమిటి? మనమైతే పట్టించుకోకుండా పడేసినవాళ్ళనే నాలుగు మాటలంటాం.

ఓనర్‌తో ఇదే అన్నాను. ఆయన రిపోర్టులో 'డయల్ తర్వాత మార్చినది' అని రాసి సంతకం పెట్టమన్నాడు. పక్కనే 'కంపెనీ డయలే, 1972 సర్వీసు' అని చేరిస్తేనే పెడతానన్నాను. కాసేపు నసిగి చేర్చాడు. ధర మాత్రం పెంచలేదు.