చేతికి గుర్తున్నది

19 ఏళ్ల వయసులో నేను, లోహాన్ని గుండ్రంగా తిప్పుతూ కోసే లేత్ యంత్రం మీద టర్నర్‌గా చేరాను. ఆరేళ్ల తరువాత అదే సంస్థలో లెక్కల విభాగానికి మారి, 33 ఏళ్లు కాగితాల మధ్య గడిపాను. పదవీ విరమణ చేశాక, 58వ ఏట, ఒక చిన్న వర్క్‌షాపులో వారానికి మూడు రోజులు మళ్లీ లేత్ ముందు నిలబడుతున్నాను. తెలిసినవారందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంకా గుర్తుందా? గుర్తుంది. అయితే ఆ గుర్తు నేను అనుకున్న చోట లేదని మొదటి నెలలోనే తెలిసింది.

మొదటి రోజు 25 మిల్లీమీటర్ల వ్యాసమున్న మైల్డ్ స్టీల్ కడ్డీని, దాన్ని పట్టి తిప్పే చక్‌లో బిగించాను. చక్‌ను బిగించే కీని తీసి ట్రేలో పెట్టిన తరువాతే నా చేయి స్విచ్ వైపు కదిలింది. చక్‌లో కీ వదిలేసి యంత్రాన్ని తిప్పితే అది ఎగిరి ఎవరి ముఖానికైనా తగలవచ్చన్న భయం నాకు మొదటి గురువు నేర్పిన మొదటి పాఠం. ఆ తరువాత వేగం ఎంత పెట్టాలో లెక్క వేయబోయి సూత్రం గుర్తుకురాక ఆగిపోయాను. ఈలోగా చేయి గేర్ లీవరును ఒక స్థానంలోకి నెట్టేసింది. ఇంటికి వచ్చి పాత నోటుపుస్తకం తీసి, హైస్పీడ్ స్టీల్ టూల్‌తో (లోహాన్ని కోసే పనిముట్టుతో) నిమిషానికి 30 మీటర్ల కోత వేగం అనుకుని లెక్క కడితే నిమిషానికి దాదాపు 380 చుట్లు వచ్చింది; చేయి ఎంచుకున్న వేగం దానికి చాలా దగ్గరగా ఉంది. టూల్ మొద్దుబారినప్పుడు వచ్చే కీచు శబ్దాన్ని, జాబ్, అంటే కోస్తున్న వస్తువు, అదిరేటప్పుడు పుట్టే గరగరను చెవి కూడా వెంటనే పోల్చుకుంది.

ఇది నా ఒక్కడి అనుభవం కాదని చదివి తెలుసుకున్నాను. ఒకసారి నేర్చుకుని మరిచిపోయినదాన్ని తిరిగి నేర్చుకోవడానికి మొదటిసారి కన్నా తక్కువ శ్రమ చాలునని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే ప్రయోగాలతో చూపించాడు. 1953లో మెదడుకు శస్త్రచికిత్స జరిగి, కొత్త సంఘటనలను గుర్తుంచుకునే శక్తిని దాదాపు పూర్తిగా కోల్పోయిన హెన్రీ మొలైసన్ కథ మరింత ఆశ్చర్యకరమైనది. అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడపమని మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతనికి పని ఇచ్చినప్పుడు, ముందురోజు ఆ పని చేసినట్టే అతనికి జ్ఞాపకం లేకపోయినా, అతని చేయి మాత్రం రోజురోజుకూ మెరుగుపడింది. జరిగినదాన్ని తలచుకోవడం వేరు, చేయగలగడం వేరు. ఈ మాట చదివినప్పుడు నాకు గట్టి ఊరట కలిగింది.

ఆ ఊరట మూడో వారం వరకే నిలిచింది. 6206 అనే సైజు బేరింగ్ ఎక్కవలసిన షాఫ్ట్ (ఇరుసు) ఒకటి నాకు అప్పగించారు. ఆ బేరింగ్ లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు. బిగువుగా కూర్చోవడానికి షాఫ్ట్ 30.01 దగ్గర ఉండాలి. అప్పటికి వ్యాసం 31.00కు వచ్చింది. చివరి సన్నని కోతకు 0.20 మిగిల్చుకోవాలని టూల్‌ను షాఫ్ట్ వైపు జరిపే క్రాస్ స్లైడ్ డయల్‌ను 0.80 తిప్పి కోశాను. కొలిస్తే 29.40 వచ్చింది. షాఫ్ట్ పనికిరాకుండా పోయింది. నా యవ్వనంలో నేను నడిపిన యంత్రం డయల్ వ్యాసంలో తగ్గుదలను చూపేది. ఈ యంత్రం డయల్ టూల్ లోపలికి వెళ్లిన లోతును చూపుతుంది, కాబట్టి వ్యాసం దానికి రెట్టింపు తగ్గుతుంది. చేయి ఏమీ మరిచిపోలేదు. అది 33 ఏళ్ల నాటి మరొక యంత్రాన్ని చెక్కుచెదరకుండా గుర్తుపెట్టుకుంది. పక్క యంత్రం మీది కుర్రవాడు వచ్చి, “ఇది లోతు చెబుతుంది మాస్టారూ, సగమే తిప్పండి” అని ఎంతో మర్యాదగా చెప్పాడు. నా కొడుకు కన్నా చిన్నవాడి దగ్గర పాఠం వినడం కష్టమేమోనని పనిలో చేరేముందు భయపడ్డాను కానీ, పాడైన షాఫ్ట్ చేతిలో ఉన్నప్పుడు వయసు సంగతి తోచనే లేదు. అప్పటి నుంచి ఏ యంత్రం దగ్గరైనా ముందు ఒక పలుచని కోత తీసి, కొలిచి, డయల్ ఎంత తిరిగితే వ్యాసం ఎంత తగ్గిందో సుద్దతో రాసుకుంటున్నాను.

కళ్ల సంగతి వేరుగా చెప్పవలసినంత పెద్దది కాదు. చత్వారం వల్ల వెర్నియర్ కొలత సాధనం మీది గీతలు కలిసిపోతున్నాయి; అద్దాలు, మంచి దీపం, అంకెలు చూపే కాలిపర్ ఆ లోటును తీర్చాయి.

నిజంగా మారినది తొందర. ఆ రోజుల్లో కోత పూర్తయిన మరుక్షణమే వేడివేడి జాబ్ మీద, వ్యాసాన్ని సూక్ష్మంగా కొలిచే మైక్రోమీటర్ పెట్టేవాడిని. ఉక్కు 10 డిగ్రీలు వేడెక్కితే ప్రతి 100 మిల్లీమీటర్లకు దాదాపు 0.012 మిల్లీమీటర్లు పెరుగుతుందని, కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ అని అప్పుడూ తెలుసు. ఆగే ఓపిక మాత్రం ఉండేది కాదు. రెండో షాఫ్ట్‌కు చివరి కోత తీసిన తరువాత దాన్ని బల్ల మీద పెట్టి, టూల్ పదును చూసుకుంటూ, చేతికి చల్లగా తగిలేదాకా ఆగాను. మైక్రోమీటర్ 30.01 చూపింది. కుర్రవాడు వేడిచేసిన బేరింగ్‌ను తీసుకువచ్చి షాఫ్ట్ మీదికి జార్చాడు. అది అంచు దాకా ఎక్కి, చల్లబడుతూ బిగుసుకుంది.