ఎక్స్‌టీకి వీజీఏ కార్డు దొరికింది

ఆదివారం, రాత్రి

ఎర్రగడ్డ అంగడిలో ఇవాళ ట్రైడెంట్ 8900 అనే వీజీఏ కార్డు దొరికింది, అంటే కంప్యూటర్ నుంచి తెరకు బొమ్మ పంపే పాతకాలపు కార్డు. ఇంత ఆనందం ఈ మధ్య ఏ వస్తువు కొన్నా కలగలేదు.

మావయ్య విజయవాడలో ఆడిటర్ ఆఫీసు నడిపిన రోజుల్లో కొన్న పీసీ ఎక్స్‌టీ క్లోన్ (ఐబీఎం ఎక్స్‌టీకి నకలుగా చేసిన పాత కంప్యూటర్) మా ఇంటికి చేరి చాన్నాళ్లయింది. మెషీన్‌కి ఏ లోటూ లేదు. స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతుంది, 20 ఎంబీ సీగేట్ హార్డ్ డిస్కు విమానం లేచినట్టు రొద చేస్తుంది, ఫ్లాపీ డ్రైవు గరగరలాడి ఒక బీప్ వినిపిస్తుంది. తెర మీద మాత్రం ఏమీ రాదు. ఆకుపచ్చ అక్షరాల మానిటర్‌లో ఎల్‌ఓటీ, అంటే పిక్చర్ ట్యూబుకి హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, కాలిపోయింది. టీవీ మెకానిక్ విప్పి చూసి, ఈ మోడల్‌ది ఇప్పుడెక్కడా దొరకదని చేతులెత్తేశాడు.

ఇంట్లో ఎల్‌సీడీ మానిటర్ ఉందిగా, దానికి తగిలించొచ్చుగా అని అందరూ అంటారు. చిక్కంతా అక్కడే ఉంది. ఎక్స్‌టీలో ఉన్నది హెర్క్యులిస్ రకం మోనో (ఒకే రంగు చూపే) కార్డు, వెనక తొమ్మిది పిన్నుల సాకెట్టు. అందులోంచి వచ్చేది డిజిటల్ సిగ్నల్, తెర మీద సెకనుకు 18 వేల చిల్లర అడ్డగీతలు గీస్తుంది. ఎల్‌సీడీ వెనకున్న వీజీఏ సాకెట్టుకేమో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు విడివిడిగా అనలాగ్ వోల్టేజీ రావాలి, గీతలు సెకనుకు 31 వేల పైనే ఉండాలి. తొమ్మిది పిన్నుల నుంచి పదిహేను పిన్నులకు కేబుల్ కట్టించినా లాభం లేదు. కార్డే మారాలి.

ఆ కార్డు దొరకడమే కష్టం. సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి పాత కార్డు కావాలంటే పీసీఐవో, ఏజీపీవో తీసి చూపిస్తారు. నాకు కావలసింది వాటికంటే ముందుకాలపు ఐఎస్‌ఏ కార్డు, అందులోనూ ఎక్స్‌టీలో ఉండే 8 బిట్ పొట్టి స్లాటులో (కార్డు గుచ్చే గాడిలో) పనిచేసేది. వీజీఏ 1987లో ఐబీఎం పీఎస్/2తో వచ్చింది. అప్పటికే 286 ప్రాసెసర్ల పీసీలు బాగా వాడుకలో ఉన్నాయి కాబట్టి ఆ తర్వాత వచ్చిన కార్డుల్లో చాలావరకు 16 బిట్‌వే. కొన్ని పొట్టి స్లాటులో కూర్చుంటాయి గానీ, వాటి బయోస్‌లో (కార్డులోనే ఉండే స్టార్టప్ ప్రోగ్రాంలో) 286 ఆదేశాలు ఉంటాయి. ఎక్స్‌టీలోని 8088 ప్రాసెసర్‌కి అవి తెలియవు, మెషీన్ అక్కడే ఆగిపోతుంది.

ఇవాళ టార్పాలిన్ మీద పోసిన బోర్డుల కుప్పలో చెయ్యి పెట్టి తిరగేస్తుంటే ట్రైడెంట్ చిప్పు కనబడింది. పక్కన నాలుగు మెమరీ చిప్పులు, నాలుగు ఖాళీ సాకెట్లు, అంటే 512 కేబీ. 8 బిట్‌కీ 16 బిట్‌కీ మార్చుకునే జంపరు (పిన్నుల మీద తొడిగే చిన్న క్లిప్పు) కూడా ఉంది. గుండె ఝల్లుమంది.

"నడుస్తదా అన్నా?" అని అడిగాను.

"అది నాకెర్క లేదు సార్. ఇవన్నీ కిలోల లెక్కన పోతయి. గోల్డ్ తీసెటోళ్లు పట్కపోతరు."

రెండు వందలు చేతిలో పెట్టి తెచ్చుకున్నాను. ఆయన మాట మాత్రం మనసులోంచి పోవడం లేదు. కార్డు అంచున ఉన్న రవ్వంత బంగారం కోసం యాసిడ్‌లో ముంచేస్తారు. దాంతో ఆ కార్డు మీద ఆధారపడ్డ మెషీన్లకూ దారి మూసుకుపోతుంది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలై, పుణేలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీ-డాక్ చేతుల్లో రూపు దిద్దుకున్న జిస్ట్ కార్డు సంగతే చూడండి. విండోస్‌కి ముందు వాడిన డాస్‌లో నడిచే పీసీ తెర మీద తెలుగు అక్షరాలు చూపించిన కార్డు అది. అలాంటివి ఎన్ని ఇలా తూకానికి పోయి ఉంటాయో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. తుక్కు వాళ్లను తప్పుపట్టను, అది వాళ్ల పొట్టకూడు. అమ్మేవాళ్లే, పారేసేవాళ్లే ఒక్కసారి ఆలోచించాలి.

ఇంటికి రాగానే కార్డు అంచుని పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. నల్లటి జిడ్డు పొరలా లేచి, కింద పసుపుపచ్చ మెరుపు బయటపడింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టి, జంపరు 8 బిట్‌కి మార్చాను. మదర్‌బోర్డు మీది ఎనిమిది స్విచ్చుల్లో 5, 6 రెండూ ఆన్‌లోకి జరిపాను. సొంత బయోస్ ఉన్న డిస్‌ప్లే కార్డు పెట్టామని ఎక్స్‌టీకి చెప్పే పద్ధతి అదే. మోనో కార్డుని తీయలేదు, ప్రింటర్ పోర్టు దాని మీదే ఉంది మరి. రెండింటి మెమరీ చిరునామాలూ వేరు కాబట్టి ఒకే పెట్టెలో గొడవ లేకుండా ఉంటాయి.

స్విచ్ వేశాక ఎల్‌సీడీ కాసేపు నల్లగానే ఉంది. టెన్షన్. అంతలో పైన ట్రైడెంట్ పేరున్న వరస, దాని కింద మెమరీ లెక్క మెల్లగా పెరుగుతూ 640 కేబీ దగ్గర ఆగడం, ఆ తర్వాత ఆదేశం కోసం ఎదురుచూసే సీ ప్రాంప్ట్. మానిటర్ మెనూలో చూస్తే 720×400, 70 హెర్ట్జ్ అని ఉంది. అక్షరాలు కాస్త సాగినట్టున్నాయి గానీ తెల్లగా, కళ్లకు హాయిగా ఉన్నాయి.

వెంటనే మావయ్యకు వీడియో కాల్ చేశాను. "ఏరా, ముందు లోటస్ తెరువు. స్లాష్ కొట్టి ఎఫ్, ఆర్ నొక్కు" అన్నారు. లోటస్ అంటే ఆ రోజుల్లో ఎక్సెల్ లాంటి లెక్కల ప్రోగ్రాం, ఆ మీటలు ఫైలు తెరవడానికి. తీరా చూస్తే లోటస్ 1-2-3 తెర ఖాళీ. అందులో డ్రైవర్ హెర్క్యులిస్‌కి పెట్టి ఉంది, అంకెలన్నీ కాలిపోయిన మానిటర్ వైపే పోతున్నాయి. హార్డ్ డిస్కులోనే ఉన్న ఇన్‌స్టాల్ ప్రోగ్రాం నడిపి, డ్రైవర్ని సీజీఏకి (వీజీఏ కార్డు కూడా చూపగల పాత కలర్ పద్ధతికి) మార్చాను. ఈసారి 1991 నాటి లెడ్జరు వచ్చింది. మావయ్య కళ్లజోడు సర్దుకుని, పై నుంచి కింది దాకా ఒక్కో వరసా చదివించుకున్నారు. మొత్తం దగ్గరకొచ్చేసరికి, "ఆ, సరిపోయింది" అన్నారు.

ఇంత పాత హార్డ్ డిస్కుని నమ్మడానికి లేదు. పడుకునే ముందు ఆ లెడ్జరున్న ఫోల్డరంతా 360 కేబీ ఫ్లాపీల మీదకు కాపీ తీస్తున్నాను. రెండోది నడుస్తోంది.