అంకె అక్కడే, బెల్టు మాత్రం జరిగింది

ఆరు వారాలు. రోజూ పొద్దున్నే లేచి నడక, వారానికి మూడుసార్లు బరువులెత్తడం. ఇవాళ బరువు చూసే మెషీన్ ఎక్కితే మళ్ళీ మొదట్లో ఉన్న అదే 81.4 కిలోలు. మొన్నటికంటే 200 గ్రాములు ఎక్కువే చూపించింది మహాతల్లి. కాలితో మంచం కిందికి తోసేసి (విసిరికొట్టలేదు, డబ్బు పెట్టి కొన్నది నేనే కదా) ఆఫీసుకు తయారయ్యాను.

అలవాటుగా బెల్టు పెట్టుకుంటే పాత రంధ్రం దగ్గర వదులు. ఏడాదిగా అదే రంధ్రం, అక్కడ తోలు పగిలి నల్లటి గీత కూడా పడింది. ఆ గీత ఇప్పుడు బకిల్‌కి వేలెడు దూరంలో ఉంది. టేపు తెచ్చి కొలిస్తే నడుము 4 సెంటీమీటర్లు తగ్గింది!

అసలు ఆ మెషీన్‌కి కొవ్వేదో, కండేదో, నీళ్ళేవో ఏం తెలుసు? ఒక గ్రాము గ్లైకోజెన్ (ఒళ్ళు నిల్వ చేసుకునే చక్కెర) దాచుకోవాలంటే ఒళ్ళు దాంతోపాటు దాదాపు 3 గ్రాముల నీళ్ళు పట్టి ఉంచుతుంది. రాత్రి ఉప్పు ఎక్కువైతే తెల్లారేసరికి అంకె పెరుగుతుంది. అంతే బరువున్న కొవ్వుకంటే కండ తక్కువ చోటులో సర్దుకుంటుంది. ఇవన్నీ తెలిసీ రోజూ మొహం మాడ్చుకున్నాను చూడండి, అదీ నా తెలివి.

కూర్చున్నప్పుడు నాడి 78 నుంచి 69కి దిగింది. అదీ బాగానే ఉంది గానీ, నాకు బాగా నచ్చింది నిన్నటి సంగతి. నాలుగో అంతస్తుకి ఎక్కుతూ అక్కతో ఫోన్ మాట్లాడుతున్నా.

"ఎక్కడున్నావురా?"

"మెట్లెక్కుతున్నానే."

"అబద్ధాలాడకు. ఆయాసమేదీ?"