స్లైడ్ చూసినావా?

ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీలో మా పాథాలజీ సార్‌ది ఒకటే ప్రశ్న. ఏ కేసు గురించి చెప్పబోయినా, ఏ రిపోర్టు చేతిలో పెట్టినా, కళ్లద్దాలు పైకి నెట్టి "స్లైడ్ చూసినావా?" అనేవారు. సంచికకు ఏమైనా రాయమని మా బ్యాచ్ వాళ్లు అడగ్గానే నా చెవిలో మోగింది అదే.

మన ఎండలు తెలిసినవే కదా. ఏప్రిల్, మే నెలల్లో రక్తకణాలు కనబడేందుకు వేసే రంగు, లీష్మన్ స్టెయిన్, పోసి అటు తిరిగేలోపే ఆరిపోయేది. స్లైడంతా గసగసాలు చల్లినట్టు నలుసులు. ఒకసారి ఆ నలుసుల్నే చూపించి "ఎర్లీకియా సార్, గోమార్ల జ్వరం" అని గట్టిగా చెప్పేశాను. క్లాసంతా ఎంత నవ్విందో ఇది చదివేవాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది.

లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల దగ్గర నాకు మహా చిరాకు. అన్నీ ఒక్కలాగే గుండ్రంగా, లోపలంతా న్యూక్లియస్సే. టీ కణమేదో, బీ కణమేదో ఎట్లా తెలుస్తుందని అడిగాను. "గొర్రెలూ ఒక్కలాగే ఉంటాయి కదప్పా. రెండు మందలు కలిసిపోతే కాపరులు ఎట్లా విడదీస్తారు? వీపు మీది రంగు చూసి. దీనికీ అట్లాంటి రంగులున్నాయి, నువ్వు పైచదువుకు పోతే చూస్తావు" అన్నారు.

పోయాను, చూశాను. ఆ రంగు యాంటీబాడీకి, అంటే కణం మీది ఒక గుర్తుకు అతుక్కునే ప్రోటీన్‌కు, కట్టి ఉంటుంది. టీ కణం మీది గుర్తు సీడీ3, అందులో సాయపడే రకానికి సీడీ4, చంపే రకానికి సీడీ8, బీ కణానికి సీడీ21. ఒక్కో గుర్తుకు ఒక్కో యాంటీబాడీ. ఫ్లో సైటోమీటర్‌లో కణాలు ఒకదాని వెనక ఒకటి లేజర్ ముందు నుంచి పోతాయి. 488 నానోమీటర్ల నీలి వెలుగు తగిలితే ఫిట్సీ అనే రంగు కట్టిన కణం ఆకుపచ్చగా వెలుగుతుంది. చిక్కేమిటంటే, మనుషుల కోసం చేసిన యాంటీబాడీలు చాలావరకు కుక్క కణాలకు అతుక్కోవు. సీడీ14కి వాడే టీయూకే4 లాంటివి కొన్ని మాత్రం రెండింటికీ పనిచేస్తాయి. అందుకే కేటలాగ్‌లో ధర కంటే ముందు అది ఏ జంతువుకు పనికొస్తుందో చూడాలి. నేను మొదట్లో ధరే చూసేవాణ్ణి, అది వేరే కథ.

ఆ ధర భయంతోనే ఒక పొరపాటు చేశాను. గోమార్ల జ్వరం వచ్చిన కుక్క రక్తం అది. ఆ జబ్బులో సీడీ8 కణాలు పెరగడం మామూలే, అదే చూడాలని నా ఆశ. ఎర్రకణాల్ని పగలగొట్టి, సీడీ4, సీడీ8 మాత్రం వేసి, ఆదా అని సీడీ3 మానేశాను. ఏ కణాల్ని లెక్కించాలో తెరమీద గీసే గేటు కూడా వదులుగా గీశాను. చూస్తే కణాల్లో ముప్పాతిక వంతు సీడీ4! టెన్షన్‌తో చెమటలు పట్టాయి. యాంటీబాడీ పాడైందనుకున్నాను, మిషన్‌ను అనుమానించాను, మళ్లీ చేశాను. మళ్లీ అదే.

రాత్రి ఎనిమిదింటికి, ఇక చేసేదేమీ తోచక, మిగిలిన రక్తాన్ని స్లైడ్ మీద పల్చగా పూసి, అంటే స్మియర్ తీసి, లీష్మన్ వేశాను. నిండా న్యూట్రోఫిల్సే (ఇంకో రకం తెల్ల రక్తకణాలు), తుంపులు తుంపులుగా న్యూక్లియస్‌తో. మనిషి న్యూట్రోఫిల్ మీద సీడీ4 ఉండదు. కుక్క న్యూట్రోఫిల్ మీద ఉంటుంది. పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే, చేతిదాకా రాలేదు. మర్నాడు సీడీ3 కూడా వేసి, అది ఉన్న కణాల్లోనే సీడీ4, సీడీ8 లెక్క చూస్తే, సీడీ8దే పైచేయి.

సంతోషం పట్టలేక సార్‌కి ఫోన్ చేశాను. అప్పటికే రిటైరయ్యారు. లేజర్లు, రంగులు, న్యూట్రోఫిల్ చేసిన మోసం, అంతా చెప్పుకుంటూ పోయాను. ఓపిగ్గా విన్నారు.

"అయితే స్లైడ్ ముందు చూసినావా, తర్వాత చూసినావా?"

"తర్వాతే సార్."